లింకు తెగింది ఎవరి చేతిలో?

మా ఇంట్లో కంప్యూటరు మనుషులు ఇద్దరున్నారు. నా భార్య కాకినాడలో ఒక కళాశాల మెయిలు సర్వరునూ, ఆఫీసు కంప్యూటర్లనూ చూసుకుంటుంది. నా చెల్లెలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ సంస్థ పని రకరకాల వ్యాపారాల తరఫున మెయిళ్ళు పంపడం, రోజుకు లక్షల్లో. ఒకరిది మెయిలు పుచ్చుకునే పక్షం, ఇంకొకరిది పంపే పక్షం. మెయిల్లో లింకు నొక్కితే తెరుచుకోకపోతే తప్పెవరిదన్న దాని మీద ఇద్దరికీ ఎప్పటినుంచో పడదు. ఈమధ్య మా నాన్నగారికి ఒక లింకు తెరుచుకోలేదు. ఆయన ఇద్దరికీ ఫోను చేసి, ఇద్దరి సలహాలూ విని, రెండూ పాటించకుండా ఊరుకున్నారు. తరవాత పండక్కి అందరం కలిసినప్పుడు గొడవ మళ్ళీ మొదలైంది. విన్నంతవరకు రాశాను. వదిన అంటే నా భార్య, ఆడపడుచు అంటే నా చెల్లెలు. ఎత్తిపొడుపులు కొన్ని తీసేశాను.

వదిన: మామయ్యగారు ఫోను చేసి "లింకు పనిచెయ్యట్లేదమ్మా" అన్నారు. పనిచెయ్యకపోవడం అంటే ఏమిటో చెప్పమన్నాను. నొక్కితే అసలేమీ కదలట్లేదా? ఏదో హెచ్చరిక వచ్చి ఆగిపోతోందా? బ్రౌజరు తెరుచుకుని కూడా పేజీ రావట్లేదా? మూడూ మూడు వేరువేరు తంటాలు. ఏది జరిగిందో చెప్తే గానీ నేనేం చెయ్యలేను. "అవన్నీ నాకు తెలీదమ్మా, తెరుచుకోవట్లేదంతే" అన్నారు. అక్కడొస్తుంది నాకు కోపం.

ఆడపడుచు: ఆయనకు కావలసింది పేజీ వదినా. అది రాలేదు. అంతకన్నా ఆయన చెప్పాల్సిందేముంది? నీలం రంగు వేసి, కింద గీత గీసి, నొక్కమన్నది మేం. ఆయన నొక్కారు. అక్కడితో ఆయన పని అయిపోయింది. మిగతాదంతా ప్రోగ్రాం రాసినవాళ్ళ పూచీ. నువ్వేమో పెద్దాయన్ని పరీక్ష హాల్లో కూర్చోబెట్టావు.

వదిన: పరీక్షలో ప్రశ్న ఒక్కటే. లింకు మీద మౌసు కుడి బటన్ నొక్కి, 'కాపీ' అన్నదాన్ని ఎంచుకుని, బ్రౌజరు పైనున్న చిరునామా పట్టీలో అతికించి చూడమన్నాను. ఫోన్లో అయితే లింకు మీద వేలు కాసేపు ఆనిస్తే అదే మెనూ వస్తుంది. అలా అతికించినప్పుడు తెరుచుకుంటే చిరునామాలో లోపం లేదు, మెయిలు ప్రోగ్రాం దాన్ని బ్రౌజరుకు అందించలేకపోతోందన్నమాట. అప్పటికీ తెరుచుకోకపోతే చిరునామా దారిలో చెడిపోయి ఉండాలి, లేదా అవతల పేజీయే లేకుండా పోయి ఉండాలి. ఈ ఒక్క పనితో సగం వెతుకులాట తప్పుతుంది.

(ఇందులో ఒక షరతుంది. పంపినవాళ్ళెవరో తెలిసిన మెయిలుకే ఈ పరీక్ష. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపిన లింకు తెరుచుకోకపోతే అదృష్టం అనుకుని మెయిలు చెరిపేయాలి. ఈ విషయంలో వదినా మరదళ్ళకు తగాదా లేదు.)

ఆడపడుచు: సరే, అందించలేకపోవడం దగ్గరే మొదలుపెడదాం. ఎవరో కొత్త బ్రౌజరు ఒకటి వేసుకుని, నచ్చక తీసేశారనుకో. అప్పట్నుంచీ అవుట్‌లుక్‌లో ఏ లింకు నొక్కినా ఒకటే ఇంగ్లీషు వాక్యం: ఈ కంప్యూటరు మీద అమల్లో ఉన్న ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది, మీ సిస్టం అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి. ఇంట్లో సొంత కంప్యూటరు. ఆంక్షలు ఎవరు పెట్టారు? అడ్మినిస్ట్రేటరెవరు, మనవడా? జరిగిందల్లా ఏమిటంటే, తీసేసిన బ్రౌజరు వెబ్ పేజీల్ని తనే తెరుస్తానని రిజిస్ట్రీలో రాసుకున్న మాటను చెరపకుండా పోయింది. లేనివాడి పేరు మీద పని ఉండిపోయింది. ఆ మాటే నేరుగా చెప్పొచ్చుగా? ఇలాంటి వాక్యం చదివి తప్పెక్కడుందో చెప్పమంటే మా నాన్నేం చెప్తాడు?

వదిన: ఆ వాక్యం రాసినవాణ్ణి నేనూ వెనకేసుకురాను. కానీ మందు చిన్నదే. విండోస్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ యాప్స్' తెరిచి, ఇప్పుడున్న బ్రౌజరును ఎంచుకుని, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, హెచ్‌టీఎంఎల్, మూడింటికీ అదే ఉందో లేదో చూసుకోవాలి. అందరూ మొదటి రెండూ మార్చి మూడోదాన్ని వదిలేస్తారు. అవుట్‌లుక్ ఆ మూడోదాన్ని పట్టుకునే వేలాడుతుంది. మా కళాశాలలో ఈ ఫిర్యాదు వస్తే నేను ముందు చూసేది అదే. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ రోజుల్లో ఈ పాటి హెచ్చరిక కూడా లేదు. నొక్కితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నల్ల తెర తెరిచి విండోస్ ఫైళ్ళను ఒక్కొక్కటీ మళ్ళీ నమోదు చేయించాల్సి వచ్చేది.

ఆడపడుచు: చూశావా, నువ్వే చెప్తున్నావు. ఇది చదువరి తప్పు కాదు. 2023లో అయితే ఇంకా ఘోరం. మైక్రోసాఫ్ట్ 365 ఖాతాలున్న అవుట్‌లుక్‌లో లింకులు, మనం కంప్యూటర్లో ఏ బ్రౌజరు ఎంచుకున్నా సరే, ఎడ్జ్‌లోనే తెరుచుకోవడం మొదలైంది. క్రోమ్‌లో లాగిన్ అయి ఉన్న మనిషి ఎడ్జ్‌లో పేజీ తెరుచుకుని మళ్ళీ పాస్‌వర్డ్ అడిగితే లింకు చెడిందనే అనుకుంటాడు. దాన్ని మార్చే మీట అవుట్‌లుక్ ఆప్షన్లలో 'అడ్వాన్స్‌డ్' అనే చోట ఉంటుంది. అక్కడికి ఎవరు వెళ్తారు?

వదిన: ఎవరూ వెళ్ళరు. అందుకే మాలాంటివాళ్ళకు జీతాలు. ఇది ప్రోగ్రాంల తప్పేనని ఒప్పేసుకుంటున్నాను, పద. అసలు పేచీ చిరునామా దారిలో తెగిపోవడం దగ్గరుంది. అక్కడ మీరు తప్పించుకోలేరు.

ఆడపడుచు: మేమా? మేం పంపేటప్పుడు లింకు నిక్షేపంగా ఉంటుంది.

వదిన: ఎంత పొడుగుంటుంది?

ఆడపడుచు: ఎంతుంటే ఏం?

వదిన: ఎంతుంటే ఏమా! మెయిలు పుట్టింది అక్షరాల పంక్తులుగా. కంప్యూటరు తెరకు 80 నిలువు వరసలుండేవి. ఆ 80 కూడా ఐబీఎం వాళ్ళ పంచ్ కార్డుల నుంచి వచ్చింది. ఒక పంక్తి 78 అక్షరాలు దాటకుండా ఉంటే మంచిదనీ, 998 మాత్రం దాటనేకూడదనీ ఈనాటి మెయిలు నియమావళిలో కూడా రాసి ఉంది. పొడుగాటి లింకును మామూలు అక్షరాల మెయిల్లో పెడితే, పాత ప్రోగ్రాంలు దాన్ని మధ్యలో విరిచి రెండో పంక్తికి దించేవి. మొదటి పంక్తిలో ఉన్నంతవరకు నీలం రంగు. కింది ముక్క నల్లగా, అనాథలా పడి ఉంటుంది. నొక్కితే సగం చిరునామాకు వెళ్ళి 'పేజీ లేదు' అని వస్తుంది. రంగు ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, తప్పు కంటికే కనబడుతుంది. రెండు ముక్కల్నీ నోట్‌ప్యాడ్‌లో పెట్టి, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి, బ్రౌజరులో వేసుకోవచ్చు. ఇది తెలుసుకోవడానికి ఇంజినీరింగు చదవాలా?

ఆడపడుచు: ఇప్పుడు మెయిళ్ళన్నీ హెచ్‌టీఎంఎల్ వదినా. లింకు బటన్ వెనకాల దాగి ఉంటుంది. ఆ పంక్తుల గోల ఎప్పుడో పోయింది.

వదిన: కనబడకుండా పోయింది, అంతే. హెచ్‌టీఎంఎల్ మెయిలు కూడా అదే రోడ్డు మీద ప్రయాణం చెయ్యాలి. దాన్ని సాధారణంగా 76 అక్షరాలకొక పంక్తి చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్క చివరా ఒక '=' గుర్తు పెట్టి పంపుతారు. 'ఇక్కడ పంక్తి నిజంగా అయిపోలేదు, కలుపుకో' అని దానర్థం. కోటెడ్ ప్రింటబుల్ అంటారుగా. మరి లింకులో నిజంగానే '=' ఉంటే? దాన్ని '=3డీ' అని రాయాలి. కొందరు పంపేవాళ్ళు మెయిలు పైన కోటెడ్ ప్రింటబుల్ అని ప్రకటించి, లోపల ఆ మార్పు చెయ్యరు. అప్పుడు చూడు తమాషా. లింకు చివర 'ఇయర్=2024' అని ఉందనుకో. '=20' అంటే ఆ పద్ధతిలో ఖాళీ జాగా. చదివే ప్రోగ్రాం '=20'ని ఖాళీగా మార్చేసి, మిగిలిన '24'ను పక్కన పెడుతుంది. లింకు 'ఇయర్' దగ్గర తెగిపోయి, దూరంగా ఒక 24 నిలబడి ఉంటుంది. మా ఆఫీసులో ఒకమ్మాయి తెర మీద దాన్ని చూసి, సంవత్సరాన్ని ఎవరో పొట్టిగా రాశారనుకుంది.

ఆడపడుచు: ఆ తప్పు చేసేవాళ్ళు సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నవాళ్ళు. మేం అలాంటివి చెయ్యం. కానీ నువ్వు తమాషా అన్నావు గనక, ఇంకోటి చెప్తాను. ఇదైతే మా లోకంలో అందరికీ తెలుసు. మెయిలు పంపడం ముగిసిందని సర్వరుకు చెప్పడానికి ఒక పంక్తిలో చుక్క ఒక్కటే పెట్టి పంపుతారు. 1982లో పెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. మరి మెయిల్లో ఏదైనా పంక్తి నిజంగానే చుక్కతో మొదలైతే? అది ముగింపు అనుకోకుండా, పంపేవాడు ముందు ఇంకో చుక్క చేర్చాలి, పుచ్చుకునేవాడు ఒక చుక్క తీసెయ్యాలి. పంపేవాడు చేర్చడం మరిచిపోయాడనుకో. పుచ్చుకునేవాడు మాత్రం తన నియమం ప్రకారం తీసేస్తాడు. ఇప్పుడు మెయిల్లో 'ప్రియమైన ఫలానా గారికి' అని పేరు, ఆ వెంటనే లింకు ఉన్నాయి. పేరు పొడుగును బట్టి 76వ అక్షరం దగ్గర విరిగే చోటు మారుతుంది. ఎవరి పేరు పొడుగుకు '.కామ్' ముందున్న చుక్క సరిగ్గా పంక్తి మొదట్లో పడుతుందో, వాళ్ళకు మాత్రమే ఆ చుక్క మాయం. ఒకే మెయిలు, ఒకే లింకు. రామారావుకు తెరుచుకుంటుంది, వెంకట సుబ్రహ్మణ్య శాస్త్రికి తెరుచుకోదు.

వదిన: పేరు పొడుగుకా!

ఆడపడుచు: పేరు తెలుగులో రాస్తే ఇంకా చిత్రం. కోటెడ్ ప్రింటబుల్‌లో మన ఒక్కో అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ తొమ్మిదేసి స్థానాలు తింటాయి. అందుకే అంటున్నాను, ఇదంతా మనుషులు చూసి కనిపెట్టే వ్యవహారం కాదని. ఆ శాస్త్రిగారు నీ పరీక్ష చేసి ఏం తెలుసుకుంటాడు? లింకు కాపీ చేసి అతికిస్తాడు, చుక్క లేని చిరునామా తెరుచుకోదు. "చిరునామా చెడింది" అంటాడు. సరే, చెడింది. తరవాత?

వదిన: తరవాత చిరునామాను కళ్ళతో చదువుతాడు. చుక్క లేదని కనబడుతుంది. పెట్టుకుంటాడు. కనబడితేనే కదా బాగుచేసుకునేది! మీరు బటన్ వెనకాల దాచేశారు కాబట్టి ఆయనకు తప్పు బటన్‌దో, తనదో, ఇంటర్నెట్టుదో తెలీదు.

(ఇక్కడ నా మాట ఒకటి. తెలుగువాళ్ళకు ఈ గొడవలో అదనంగా ఒక వాటా ఉంది. తెలుగు వికీపీడియాలో 'తెలుగు' అనే వ్యాసం లింకును తీసుకోండి. తెర మీద పొట్టిగానే కనబడుతుంది. కాపీ చేసి మెయిల్లో అతికించగానే అది శాతం గుర్తుల వరసగా మారిపోతుంది. 'త' ఒక్కటీ '%ఈ0%బీ0%ఏ4' అవుతుంది, అంటే తొమ్మిది స్థానాలు. 'తెలుగు'లో యూనికోడ్ లెక్కన గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు, మొత్తం 54 స్థానాలు. ముందున్న వికీపీడియా చిరునామా 30. కలిపి 84. 78 అక్షరాల పంక్తి హద్దును మన భాష పేరు ఒక్కటే ఉన్న లింకు కూడా దాటేస్తుంది. పోనీ శాతం గుర్తులు లేకుండా తెలుగు అక్షరాలతోనే లింకు పంపుదామంటే, కొన్ని ప్రోగ్రాంలు గుణింతపు గుర్తును అక్షరంగా లెక్కపెట్టవు. 'త' వరకు నీలం వేసి, ఎత్వం దగ్గర ఆగిపోతాయి. ఇది రాసినవాళ్ళు మన లిపిని ఎన్నడూ పరీక్షించి చూడలేదని అనుకోక తప్పదు. ఈ విషయంలో నేను పూర్తిగా చెల్లెలి పక్షం. ఇక్కడ చదువరి చెయ్యగలిగింది ఏమీ లేదు.)

ఆడపడుచు: అందుకే పొట్టి లింకులు వచ్చాయి. అమెరికాలో కెవిన్ గిల్బర్ట్‌సన్ అని, ఒంటిచక్రం సైకిలు తొక్కే సరదా ఉన్న ఆయన, పొడుగాటి లింకులు దారిలో విరిగిపోతున్నాయని 2002లో టైనీ యూఆర్ఎల్ పెట్టాడు. ఎంత పొడుగైనా ఇరవై ముప్పై అక్షరాల్లోకి వచ్చేస్తుంది, ఇక విరగదు.

వదిన: విరగదు, చచ్చిపోతుంది. గూగుల్ 2009లో తన పొట్టి లింకుల సేవ మొదలుపెట్టింది, 2019లో కొత్తవి ఇవ్వడం మానేసింది, 2025 ఆగస్టులో కదలిక లేని పాత లింకుల్ని ఆపేస్తామంది. పొడుగు లింకు విరిగితే రెండు ముక్కలూ చేతిలో ఉంటాయి, అతుక్కోవచ్చు. పొట్టి లింకు పోతే అసలు చిరునామా ఏమిటో ఎవరికి తెలుసు? యాహూ గుంపుల సంగతి చూడు. రచ్చబండ లాంటి చోట్ల మనవాళ్ళు ఏళ్ళ తరబడి సాహిత్యం మీద కొట్టుకున్నారు. 2020 డిసెంబరులో గుంపులు మూతపడ్డాయి. వాటికి వెళ్ళే లింకులు పాత మెయిళ్ళలో ఇప్పటికీ నీలంగా మెరుస్తూనే ఉంటాయి. చిరునామా పూర్తిగా కనబడితే కనీసం వేబ్యాక్ మెషీన్‌లో వేసి, ఎవరైనా నకలు దాచారేమో చూసుకోవచ్చు. పొట్టి చేసి ఉంటే ఆ ఆశా తక్కువే.

ఆడపడుచు: అది లింకు తెగడం కాదు, ఊరు ఖాళీ అవడం. దానికి మెయిలును అంటే ఎలా?

వదిన: అననులే. కానీ మామూలు మనిషికి రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే తేడా తెలుసుకోమంటున్నాను. పాత మెయిలు, పాత లింకు అయితే పేజీ పోయి ఉంటుందనుకో. ఇవాళే వచ్చిన మెయిలు అయితే దారిలో చెడిందనుకో. ఒక్క మెయిల్లోని లింకులే తెరుచుకోకపోతే మెయిల్లో తప్పు. అన్ని మెయిళ్ళలోవీ తెరుచుకోకపోతే నీ కంప్యూటర్లో తప్పు. ఇంతకన్నా నేనేం అడగట్లేదు.

ఆడపడుచు: ఇంకా అడుగుతున్నావు. 'చిరునామా చదువు' అంటున్నావు. వదినా, మీ కళాశాలకు వచ్చే మెయిళ్ళలో చిరునామాలు చదవడానికి వీలుగా ఉన్నాయా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. మీరు పెట్టిన భద్రతా వడపోత ఏం చేస్తుంది? లోపలికొచ్చే ప్రతి లింకునూ చెరిపి, తన చిరునామా ముందు తగిలిస్తుంది. మైక్రోసాఫ్ట్ సేఫ్ లింక్స్ చేసేదీ అదే, ప్రూఫ్‌పాయింట్ చేసేదీ అదే. నలభై అక్షరాల లింకు చాంతాడంత అవుతుంది. బ్యాంకు లింకైనా, దొంగ లింకైనా మొదట కనబడే పేరు వడపోతదే. చిరునామా చూసి మంచీ చెడూ కనిపెట్టమని ఏళ్ళ తరబడి జనానికి నేర్పినవాళ్ళే, ఆ చిరునామాకు ముసుగు వేశారు.

(వదిన కాసేపు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం అరుదు కాబట్టి రాస్తున్నాను.)

వదిన: నిజమే. కానీ అది లేకపోతే ఏమవుతుందో నీకు తెలీదు. ఫీజు కట్టమని దొంగ మెయిలు వస్తుంది. వచ్చిన వేళకు ఆ పేజీ ఇంకా దొంగదని లోకానికి తెలీదు. గంట తరవాత తెలుస్తుంది. లింకు మా వడపోత మీదుగా వెళ్ళేట్టు మార్చి ఉంటేనే, నొక్కిన క్షణాన మళ్ళీ చూసి ఆపగలం. పిల్లల డబ్బు అది. ముసుగే కావచ్చు, కానీ తియ్యను.

ఆడపడుచు: తియ్యొద్దు. కానీ 'చదువు' అనకు. లింకుల జోలికి పోవద్దని చెప్పు. బ్యాంకు పని ఉంటే బ్యాంకు చిరునామా స్వయంగా కొట్టుకుని వెళ్ళమను.

వదిన: ఆ కొట్టుకునే చిరునామా సరైనదని తెలియడానికైనా చదవడం రావాలి కదమ్మా! రెండు వాలుగీతల తరవాత నుంచి మొదటి ఒంటి వాలుగీత దాకా చూడాలి. ఆ మధ్యలో ఉన్నదాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కుడి చివర ఉన్నదే అసలు యజమాని. ఎడమ పక్కన ఎవరైనా ఏ బ్యాంకు పేరైనా రాసుకోవచ్చు. రిజర్వు బ్యాంకు 2025లో మన బ్యాంకులన్నిటినీ అక్టోబరు 31 లోగా '.బ్యాంక్.ఇన్' చిరునామాలకు మారమన్నది దేనికి? కుడి చివర చూస్తే తెలిసిపోవాలనే. ఆ పేర్లు ఇచ్చే అధికారం మీ హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకే ఉంది, ఎవడు పడితే వాడు కొనుక్కోలేడు. జనం చిరునామా చదవరు అనుకుంటే రిజర్వు బ్యాంకు ఇంత తతంగం చేసేదా?

ఆడపడుచు: ఆ వాదన బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ నాన్న లింకు సంగతి నువ్వింకా తేల్చలేదు.

వదిన: నీకు తెలిసిందా?

ఆడపడుచు: తెలిసింది. నిన్న ఆయన ఫోను తీసుకుని మెయిలు చూశాను. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు. నొక్కితే బ్రౌజరు బాగానే తెరుచుకుంది, పేజీ కూడా వచ్చింది. 'ఈ లింకును ఇదివరకే వాడేశారు' అని ఉంది. ఆయన నీకా మాట చెప్పలేదు. తన ఖాతాలో ఎవరో దూరారని భయపడి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు. ఇంతకీ ఆయనది మీ కళాశాల మెయిలే. రిటైరైనా ఆ ఖాతా ఉంచుకున్నారు.

వదిన: అయితే?

ఆడపడుచు: అయితే ఏమిటి, ఆయన కన్నా ముందు నీ వడపోత నొక్కింది! మెయిలు లోపలికి రాగానే లింకులో ఏముందోనని అది వెళ్ళి తెరిచి చూసింది. ఒక్కసారికే పనికొచ్చే లింకు అది. వడపోత ఎంగిలి చేసి ఆయనకు వడ్డించింది. మళ్ళీ కొత్త లింకు తెప్పించుకున్నా అదే గతి. ఆయన పదిసార్లు అడిగినా పది లింకులూ అలాగే పోతాయి. నువ్వేమో ఆయన్ని ఏమీ కదలట్లేదా, హెచ్చరిక వచ్చిందా అని అడుగుతున్నావు.

వదిన: బ్రౌజరు తెరుచుకుని పేజీ రావట్లేదా అని కూడా అడిగాను. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే అరనిమిషంలో తేలేది. సరే, తిలా పాపం తలా పిడికెడు. కానీ ఇందులో పెద్ద పిడికిలి పంపినవాళ్ళది. లింకును ఊరికే తెరిచి చూసినంత మాత్రాన అవతల ఏదీ మారకూడదు. వెబ్ పుట్టినప్పటినుంచీ ఉన్న నియమం అది. పేజీ ఇమ్మని అడగడం వేరు, పని చెయ్యమని చెప్పడం వేరు. మీరు అడగడాన్నే పనిగా లెక్కపెట్టారు. తలుపు తట్టినవాడల్లా లోపలికి వచ్చేశాడన్నారు.

ఆడపడుచు: నొక్కగానే పని అయిపోవాలని కంపెనీలు అడుగుతాయి. మధ్యలో ఇంకో బటన్ పెడితే సగంలో మానేసేవాళ్ళుంటారని వాళ్ళ భయం.

వదిన: మరి మెయిళ్ళు వద్దనుకునే లింకు దగ్గర అలా ఎందుకు చెయ్యట్లేదు? అన్‌సబ్‌స్క్రైబ్ దగ్గర?

ఆడపడుచు: అది వేరు.

వదిన: ఏం వేరు? వడపోతలు ఆ లింకును తెరిచి చూస్తే చందాదారులు తమకు తెలియకుండానే జాబితాలోంచి ఎగిరిపోయేవాళ్ళు. అందుకే 2017లో దానికొక పద్ధతి రాసుకున్నారు. ఊరికే తెరిస్తే ఏమీ జరగదు, పని చెయ్యమని చెప్పే 'పోస్ట్' పద్ధతిలో అడిగితేనే పేరు తీసేస్తారు. 2024 నుంచి జీమెయిలూ యాహూ కలిసి, ఎక్కువ మెయిళ్ళు పంపేవాళ్ళందరూ ఆ పద్ధతి పాటించాలన్నారు. మీరు మారు మాట్లాడకుండా చేశారు. జాబితాలో పేర్లు పోతే మీకు నష్టం కాబట్టి అక్కడ నియమం గుర్తొచ్చింది. మామయ్యగారి పాస్‌వర్డ్ పోతే నష్టం మామయ్యగారిది.

ఆడపడుచు: ...అది కాస్త గట్టిగానే తగిలింది.

వదిన: తగలాలనే అన్నాను.

ఆడపడుచు: పాస్‌వర్డ్ మెయిళ్ళకూ, ఖాతా ధ్రువీకరణ మెయిళ్ళకూ మధ్యలో పేజీ పెట్టమని మా ఖాతాదారులకు చెప్పిస్తాను. లింకు తెరిస్తే పేజీ వస్తుంది, ఆ పేజీలో బటన్ నొక్కితేనే లింకు ఖర్చవుతుంది. అమ్మకాల మెయిళ్ళకు మాత్రం పెట్టమనలేను, అడిగితే నన్ను తీసేస్తారు. దానికి బదులుగా నువ్వు మా సంస్థ మెయిళ్ళను వడపోత నుంచి మినహాయించు.

వదిన: మినహాయించను. ఇవాళ మీకిస్తే రేపు ప్రతివాడూ అడుగుతాడు. పైగా మీ పేరు పెట్టుకుని దొంగ మెయిలు వస్తే నా ఉద్యోగం పోతుంది.

ఆడపడుచు: ఎలాగూ ఇవ్వవని తెలుసు. బటన్ మీద ఏమని రాయమంటావు? 'కొనసాగించు' చాలా?

వదిన: చాలు. కానీ పేజీ తెరుచుకోగానే ఆ బటన్ తనంతట తానే నొక్కుకునే స్క్రిప్టు పెడతారు చూడు, మనిషికి ఒక నొక్కు తగ్గిద్దామని, అది మాత్రం పెట్టొద్దని చెప్పు. ఈ వడపోతల్లో కొన్ని స్క్రిప్టుల్ని కూడా నడిపించి చూస్తాయి. మళ్ళీ మొదటికొస్తుంది.